పరిశోధనకు మా బాబును పంపమంటారా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, డౌన్ సిండ్రోమ్. యూనివర్సిటీవాళ్లు పరిశోధనలో చేర్చుకుంటామంటున్నారు. రక్తం కూడా తీస్తారట. మా అత్తగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, వరంగల్

జవాబు: మీ అత్తగారి భయం ఉత్తిది కాదమ్మా. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ సంస్థలో 1950ల నుంచి ఏళ్ల తరబడి మేధో వైకల్యం ఉన్న పిల్లలకు కావాలనే హెపటైటిస్ సోకించారు. చేసింది విశ్వవిద్యాలయ వైద్యులే. తల్లిదండ్రుల సంతకాలూ ఉన్నాయి!

అలాగని పరిశోధనే వద్దనలేం. 1960ల తొలినాళ్లలో బఫెలోలో రాబర్ట్ గత్రీ పసికందు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి, పీకేయూ అనే జబ్బును పట్టే పరీక్ష రూపొందించారు. వెంటనే ఆహారం మారిస్తే మెదడు దెబ్బతినదు. ఆయన కొడుక్కీ మేధో వైకల్యం ఉండేది.

మీరు ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమనండి. సమాచార పత్రం తెలుగులో ఇవ్వమనండి. రక్తం ఎంత, ఎన్నిసార్లు తీస్తారు? జన్యుపరీక్ష చేస్తారా? మిగిలింది దాచి మరో పనికి వాడతారా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు, అసలు అడగాల్సింది అదే. మందు పరీక్షయితే, క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐ నమోదు నంబరు తీసుకోండి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతీ అడగాలి, వాళ్లకు అర్థమయ్యేలా. సూది చూసి బాబు చెయ్యి వెనక్కి లాక్కుంటే, నా లెక్కలో అది 'వద్దు' అనడమే. మధ్యలో మానేసినా అతని మామూలు వైద్యం ఆగకూడదు.

కాగితాలు ఇంటికి తెచ్చుకుని అత్తగారికీ చదివి వినిపించండి. ఇక్కడే సంతకం పెట్టమని తొందరపెడితే, నేనైతే పెట్టను.