గాలిలో ఈదిన యంత్రాలు

చెల్లెళ్లూ, ఈసారి మిమ్మల్ని లండన్ తీసుకెళ్తాను. థేమ్స్ నది ఒడ్డున టేట్ మోడర్న్ అని ఒక ఆర్ట్ మ్యూజియం ఉంది. ఒకప్పుడది కరెంటు తయారుచేసే కేంద్రం. 1981లో మూతపడింది. దాన్నే బాగుచేసి 2000లో మ్యూజియంగా తెరిచారు. టర్బైన్లు తిరిగిన పెద్ద హాలుని మాత్రం అలాగే ఉంచేశారు. 35 మీటర్ల ఎత్తు, అంటే పదంతస్తుల మేడ పట్టేంత చోటు. 2021 అక్టోబరు నుంచి 2022 మొదటి దాకా ఆ హాలు గాలిలో కొన్ని వింత ప్రాణులు తిరిగాయి. కావాలనే ప్రాణులు అంటున్నాను. అవి యంత్రాలే, కానీ చూసినవాళ్లెవరికీ వాటిని యంత్రాలనబుద్ధి కాదు.

రెండు రకాలు. ఒక రకం బొద్దుగా ఉబ్బి, ఒళ్లంతా పొట్టి పసుప్పచ్చ నూగుతో ఉంటుంది. దాని పేరు ప్లానులా. రెండోది జెనోజెల్లీ. అవతలి వెలుతురు కనబడేంత పల్చటి గొడుగు ఒళ్లు, పైభాగాన రంగు, కింద జెల్లీ చేపకి ఉన్నట్టే వేలాడే చేతులు. రెండింటినీ కలిపి ఏరోబ్‌లు అన్నారు. తాళ్లు లేవు, తీగలు లేవు. మనుషుల తలల మీదుగా నింపాదిగా సాగిపోతాయి, పైకి లేస్తాయి, మళ్లీ మెల్లగా కిందికి దిగుతాయి.

వీటిని తయారుచేసినావిడ పేరు అనికా యీ. 1971లో సియోల్‌లో పుట్టి, పసితనంలోనే అమ్మానాన్నలతో అమెరికా వెళ్లింది. ఇప్పుడు న్యూయార్క్‌లో ఉంటోంది. ఆర్ట్ కాలేజీ మెట్లెక్కలేదు. ముప్పై ఏళ్లు దాటాకే ఈ దారి పట్టింది. 2016లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వాళ్ల హ్యూగో బాస్ బహుమతి వచ్చింది. ‘ఇప్పుడేం మొదలుపెడతాంలే’ అని నిట్టూర్చే మనలాంటి వాళ్ల కోసమే ఈ మాట ముందుగా చెబుతున్నా. ఈ ప్రదర్శనకి ఆవిడ పెట్టిన పేరు ‘ఇన్ లవ్ విత్ ద వరల్డ్’. లోకంతో ప్రేమలో పడ్డానని.

అవి ఎలా ఎగిరాయంటే, లోపల హీలియం గ్యాసు, చిన్న చిన్న ఫ్యాన్లు, ఒక బ్యాటరీ. ఎవరూ రిమోట్ పట్టుకుని నడపలేదు. దేని దారి దానిదే. కృత్రిమ జీవం అనే తరహా సాఫ్ట్‌వేర్ ఆ దారుల్ని ఎప్పటికప్పుడు అల్లుతుంది. హాలు చుట్టూ సెన్సర్లు పెట్టారు. ఏది ఎక్కడుంది, ఎటు కదులుతోంది, కింద జనం ఎక్కడున్నారు అన్నది వాటికి అందుతుంది. జనాన్ని కనిపెట్టేది మొహాలు చూసి కాదు, ఒంటి వేడిని బట్టి. నువ్వు కింద నిలబడితే నీ వెచ్చదనం వాటికి ఒక కబురు. దాన్నిబట్టి ఒక్కోదాని నడకా మారుతుంది, గుంపు నడకా మారుతుంది.

నా మనసుని పట్టేసిన సంగతి ఇక్కడే ఉంది. ఆ యంత్రాలకి ఎవరూ ఏ పనీ అప్పజెప్పలేదు. మనకి తెలిసిన కృత్రిమ మేధ అంతా పనిమనిషి బాపతే కదా. పాట పెట్టు, లైటు ఆర్పు, ఉత్తరం రాసిపెట్టు, లెక్క చూడు. పైగా ఆ యంత్రాల గొంతులు చాలాకాలం ఆడగొంతులే. పిలవగానే పలికే, విసుక్కోని, తిట్టినా నవ్వుతూ జవాబిచ్చే ఆడగొంతులు. ఇది పిల్లల మనసుల్లో ఆడవాళ్లంటే అణిగిమణిగి చాకిరీ చేసేవాళ్లేనన్న ముద్ర వేస్తుందని 2019లో యునెస్కో నివేదికే హెచ్చరించింది. అనికా యీ యంత్రాలు ఎవరి మాటా వినవు, ఎవరికీ సేవ చెయ్యవు, ఎవరి మీదా పెత్తనమూ చెలాయించవు. వాటి బతుకు అవి బతుకుతాయి, మనతోపాటే, మనం పీల్చే గాలిలోనే. యంత్రం మనకి బానిసా, లేక మనమే దానికి బానిసలమా అన్న రెండు దారులే లోకానికి తెలుసు. ఇరుగుపొరుగుల్లా బతికే మూడో దారి ఉందేమో చూడండి అంటోందావిడ. ఆ ఊహ నాకు ఎంతో నచ్చింది.

ఆ హాలులో కంటికి కనిపించనిది ఇంకోటుంది. వాసన. వారం వారం మారే వాసనలు. ఆ చోటి చరిత్రంతా అనికా యీ వాసనల్లో చెప్పింది. మనిషే లేని ప్రీకేంబ్రియన్ కాలం నాటి సముద్రపు వాసన ఒక వారం. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ కాలపు చెట్టూచేమల వాసన ఇంకో వారం. 14వ శతాబ్దంలో ప్లేగు ఊళ్లని ఊడ్చేస్తుంటే, దాన్ని తరిమేస్తాయని జనం నమ్మిన మసాలా దినుసుల వాసన మరో వారం. ఆపైన 20వ శతాబ్దపు బొగ్గు, ఓజోన్ వాసనలు. ఆ ప్లేగు రోజుల్లో జబ్బులు చెడు గాలి వల్ల వస్తాయని నమ్మేవారు. అందుకే సుగంధ ద్రవ్యాలు ముక్కు దగ్గర పెట్టుకుని తిరిగేవారు.

ఇక ఇదంతా జరిగిన ఏడాది గుర్తు చేసుకోండి. 2021. మన ఊళ్లలో కరోనా రెండో వేవ్ వచ్చి వెళ్లిన ఏడాది. పక్కవాళ్ల ఊపిరంటే భయం. మూతికి మాస్కు. పొద్దున్నే కాఫీ పొడి డబ్బా మూత తీసి, కర్పూరం బిళ్ల నలిపి, వాసన తెలుస్తోందా లేదా అని గుండె చిక్కబట్టుకుని పీల్చి చూసుకున్న రోజులు. వాసన తెలియలేదంటే ఇంటిల్లిపాదీ వణికిపోయాం. ఉన్నన్నాళ్లూ ముక్కు విలువ ఎవరం ఎంచలేదు. పోయినప్పుడు మాత్రం అన్నం మట్టిలా అయిపోయింది, ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. అలాంటి ఏడాదిలో ఒక కళాకారిణి ఇంత పెద్ద హాలు తీసుకుని, గాలి మన అందరిదీ, దాన్ని మనం పంచుకునే బతుకుతున్నాం అని వాసనతో చెప్పిందంటే, అది చిన్న సంగతి కాదు.

వాసనని ఎందుకింత పట్టుకుందీవిడ? కన్ను గొప్పది, ముక్కు తక్కువది అని లోకం ఎప్పుడో తీర్మానించేసింది. చూసి, చదివి, లెక్కగట్టి తెలుసుకున్నది జ్ఞానం. వాసన పట్టి తెలుసుకున్నది వంటింటి వ్యవహారం. పక్క గదిలో ఉండి కూడా పోపు మాడబోతోందని నీకు తెలుస్తుంది. గిన్నె మూత తియ్యగానే పిండి పులిసిందో లేదో తెలుస్తుంది. పిల్లాడి నోటి దగ్గర వాసన మారితే రాత్రికి జ్వరం వస్తుందని అమ్మమ్మలు ముందే చెప్పేవారు. దీన్ని ఎవరూ తెలివి అనలేదు. ఇప్పుడు యంత్రాలకి తెలివి నేర్పుతున్నాం అని గొప్పగా చెప్పుకునేవాళ్లు కూడా మాటల్నీ, బొమ్మల్నీ, అంకెల్నీ నేర్పుతున్నారే తప్ప, ఒళ్లు తెలుసుకునే సంగతుల దగ్గరికి అంతగా రావడం లేదు. అనికా యీ అడిగేది అదే. ఒళ్లు లేని తెలివి ఎంత దూరం పోతుంది?

ఈ పట్టు ఆవిడకి కొత్త కాదు. 2015లో న్యూయార్క్‌లోని ‘ద కిచెన్’ అనే చోట ఒక ప్రదర్శన పెట్టింది. వంద మంది ఆడవాళ్లని అడిగి, వాళ్ల ఒంటి మీది సూక్ష్మజీవుల్ని దూదిపుల్లలతో సేకరించి, మనం చైనాగ్రాస్ అంటామే, ఆ అగార్ మీద పెంచింది. ఆడదాని ఒళ్లనగానే మైల, ముట్టు, అంటు అని దూరంగా కూచోబెట్టడం మన ఇళ్లల్లో చూసినవాళ్లమే కదా. ఆ భయాన్నే ఆవిడ అద్దాల వెనక పెంచి, ‘ఇదిగో చూడండి, ఇదీ జీవమే’ అన్నట్టు నిలబెట్టింది. 2019లో వెనిస్ బియెనాలే అనే కళా ప్రదర్శనలో సముద్రపు నాచుని సాగదీసి పెద్ద పెద్ద గూళ్లు చేసి వేలాడదీసింది. లోపల దీపం. ఆ వెలుగులో రెక్కలు కొట్టుకునే యంత్రపు పురుగుల నీడలు ఆ నాచు పొర మీద ఆడుతుంటాయి. యంత్రానికి ప్రాణి ఒళ్లే ఇల్లయిందన్నమాట.

యంత్రమూ ప్రాణమూ కలవడం ఒట్టి ఊహ అనుకోకండి. లండన్‌లో ఎగిరినవాటిలో ఒక్క జీవకణం లేదు నిజమే. కానీ ల్యాబుల్లో కథ వేరేగా నడుస్తోంది. 2020లో అమెరికాలోని వెర్మాంట్, టఫ్ట్స్ యూనివర్సిటీల వాళ్లు కప్ప పిండం కణాలతో చిన్న చిన్న ఆకారాలు కట్టారు. ఒక్కోటి మిల్లీమీటరు కంటే చిన్నది. ఆ ఆకారం ఎలా ఉండాలో నిర్ణయించింది కంప్యూటరు. అవి గాజు పళ్లెంలో తమంతట తామే కదిలాయి. వాటికి జెనోబాట్‌లని పేరు. 2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్ వాళ్లు దాదాపు 8 లక్షల మెదడు కణాల్ని, మనిషివీ ఎలుకవీ, చిప్పు మీద పెంచి వాటికి పాంగ్ అనే పాత వీడియో గేమ్ నేర్పించామని చూపించారు.

చదువుతుంటే ఒళ్లు జలదరిస్తోందా? నాకూ అంతే. అయితే భయపడి మొహం తిప్పుకుంటే మన పని అవదు. మనం అడగాల్సింది ఒకటుంది. యంత్రంలో కలిసే ఆ జీవం ఎవరిది? వాళ్లని అడిగారా?

ఈ ప్రశ్న వెనక ఒక ఆడమనిషి ఉంది. హెన్రియెట్టా లాక్స్. అమెరికాలో నల్లజాతి స్త్రీ, అయిదుగురు బిడ్డల తల్లి. 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్తే, ఆవిడకి ఒక్క మాటైనా చెప్పకుండా కణాలు తీసుకున్నారు. అదే ఏడాది ఆవిడ పోయింది, 31 ఏళ్లకే. ఆ కణాలు మాత్రం చావలేదు. హెలా కణాలన్న పేరుతో లోకమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరిశోధనకీ పనికొచ్చాయి. కుటుంబానికి ఈ సంగతి 1970లలో గానీ తెలియలేదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీ ఆవిడ వారసులతో రాజీకి వచ్చింది 2023లో. ఎన్ని ప్రాణాలు నిలిచినా, అడగకుండా తీసుకోవడం అన్యాయమే. ఆ మాట గట్టిగానే అంటాను.

కళ చేసే మేలు ఇదే చెల్లెళ్లూ. ల్యాబు తలుపులు మనకి తెరవరు. అక్కడి కాగితాలు మనకి అర్థం కావు. ఒక కళాకారిణి మాత్రం ఆ రేపటిని ముందే తెచ్చి, టికెట్ కూడా అడగకుండా పిల్లాపాపల ముందు గాలిలో వదిలింది. చూసి, వాసన పీల్చి, నచ్చిందో నచ్చలేదో మనమే తేల్చుకోమంది. రేపటి యంత్రం ఎలా ఉండాలో చెప్పే హక్కు ఇంజనీర్లకి ఎంత ఉందో, ముక్కుతో, చేత్తో, ఒంటితో లోకాన్ని తెలుసుకున్న మనకీ అంతే ఉంది.

అందుకే రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో కంప్యూటర్లు చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే అనికా యీ పేరు చెప్పి ఆ ప్రదర్శన వీడియోలు చూపించండి, చూశాక కూచోబెట్టి మాట్లాడండి. ఇక ఆసుపత్రిలోనో, ల్యాబులోనో మీ రక్తం, మీ కణం, మీ బిడ్డ బొడ్డుతాడు తీసుకునే ముందు సంతకం పెట్టమంటే తొందరపడి పెట్టెయ్యకండి. దేనికి తీసుకుంటున్నారు, ఎక్కడ దాస్తారు, ఎవరికిస్తారు అని అడగండి. ఆ కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి.