పనిముట్లును పాటయును

లేఖన పఠనము: 2 దినవృత్తాంతములు 34:8-13, ఎజ్రా 3:10-13, నెహెమ్యా 13:10-14

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000 సంవత్సరములో ఏర్పడిన తరువాత, రాయపూరు చెంత దాని నూతన రాజధానిగా నిర్మింపబడిన పట్టణము నయా రాయపూర్. 2012లో సచివాలయము అక్కడికి చేరెను. 2018లో అటల్ నగర్ అని పేరు పెట్టబడెను. అచ్చట కట్టడములు నేటికిని లేచుచునే యున్నవి. మా యింటిలోను అదే స్థితి. చౌకట్టుకు రాచుకొను తలుపు, కారుచున్న కొళాయి, సగము రంగు వేసిన గోడ, వీటిని నా చేతులతోనే బాగుచేయ పూనుకొని నెలలు గడచెను.

అట్టి దినములలో పాత రాయపూరులో ఒక గాయక బృందము సాయంకాల సంగీతారాధన జరుపునని తెలిసి, నా భార్య వెళ్లుదమనెను. “ఈ పని ముగియనిమ్ము” అంటిని. ఆమె నెమ్మదిగా, “ముగిసిన పని యీ యింట నేనెన్నడును చూడలేదండి” అనెను. నాకు ప్రత్యుత్తరము లేకపోయెను. గోళ్లలో రంగుతోనే వెళ్లితిని. మొదటి పాట సాగుచుండగా తలుపు బందులనుగూర్చియే ఆలోచించితిని. నాలుగు స్వరములు ఏకమై లేచినప్పుడే నా మనస్సు నిలిచెను. పని ముగిసిన పిమ్మట స్తుతించుదమను వాడుక నాలో ఎంతగా వేరుపారెనో అప్పుడు తెలిసికొంటిని. ఆ వాడుకను లేఖనముల యెదుట ఉంచి చూతము.

1. పనివారి మధ్య గాయకులు

యోషీయా ఏలుబడి 18వ సంవత్సరమున మందిరము బాగుచేయబడెను. చెక్కిన రాళ్లును మ్రానులును కొనుటకు ద్రవ్యమియ్యబడెను. ఈ లెక్కల నడుమ ఒక విశేషము కలదు: పనిని నడిపించుటలో పాలుగల లేవీయులు వాద్యములయందు ప్రవీణులు. ఈ ప్రావీణ్యమును తెలుపు హెబ్రీ పదమునకు “గ్రహింపుగలవారు” అని భావము. వారు వాద్యధ్వనితో పనికి లయ కల్పించిరని కొందరు వ్యాఖ్యాతలు తలంచిరి. వాక్యము అంతవరకు చెప్పదు. అయితే బరువులు మోయువారి యొద్ద సంగీతజ్ఞులుండుట వింతగా ఎంచబడలేదని స్పష్టము.

2. పునాదియొద్ద పాట

చెరనుండి తిరిగివచ్చినవారు పునాది వేసిన దినముననే యాజకులు బూరలతోను ఆసాపు వంశస్థులు తాళములతోను నిలిచి స్తుతించిరి. గోడలు లేవు, పైకప్పు లేదు. ఆ మందిరము క్రీ.పూ. 515 ప్రాంతమున దర్యావేషు కాలమున ముగిసెను. అనగా పాటకును ముగింపునకును మధ్య ఇంచుమించు 20 ఏండ్లు గడచెను. పని ఆగిపోయిన దినములును ఆ మధ్యనే యున్నవి. మొదటి మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చిరి. వారి యేడ్పును వాక్యము దాచలేదు.

3. పొలములకు పోయిన గాయకులు

నెహెమ్యా కాలమున ప్రాకారము 52 దినములలో ముగిసెను. ప్రతిష్ఠ దినమున రెండు గొప్ప సమూహములు స్తుతించుచు దానిమీద నడిచెను. నక్క యెక్కినను పడిపోవునని పరిహసింపబడిన గోడ అదియే! అయినను నెహెమ్యా కొంతకాలము దూరముగానుండి తిరిగివచ్చి చూడగా, తమ భాగములు అందక గాయకులు పొలములకు పోయియుండిరి. ప్రాకారము ఉండెను, మందిరము విడువబడెను. అతడు అధికారులను గద్దించి, గాయకులను వారి స్థలములలో మరల నిలిపి, నమ్మకమైనవారిని ఖజానాపై నియమించెను. పాటకు ఖర్చు కలదు. సంఘము దానిని భరింపవలెను.

పాటయు తన వంతున ఇతరుల భారము మోయగలదు. హాండెలు 1741లో 24 దినములలో కూర్చిన ‘మెస్సీయ’ 1742లో డబ్లిన్ పట్టణమున మొదట పాడబడినప్పుడు, వచ్చిన ద్రవ్యము అప్పులవలన చెరలోనున్నవారి విడుదలకును రోగుల ఉపచారమునకును వినియోగింపబడెను.

ప్రియ చదువరీ, ఇల్లు బాగుచేయుట మంచిదే. యోషీయా మందిరమునే బాగుచేయించెను. కాని యింటిలోనివారు మనతో కూడ స్తుతింప గోరునప్పుడు, “పని ముగియనిమ్ము” అని ఎన్ని యేండ్లు చెప్పుదుము? మరునాడు నేను తలుపు బందులు బిగించితిని. కొళాయి ఇంకను కారుచున్నది. ఆదివారము సాయంకాలము మేమిద్దరము పాడుకొనుచున్నాము.

ధ్యానమునకు ప్రశ్నలు

1. ఏ పని ముగియవలెనని నీవు స్తుతిని వాయిదా వేయుచున్నావు?
2. నీ సంఘమున గాయకులకు అందవలసిన సహాయము అందుచున్నదా?

ప్రార్థన: ప్రభువా, ముగియని పనుల మధ్యను నిన్ను స్తుతించు హృదయము మాకిమ్ము. మా యింటివారి పిలుపును త్రోసివేయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.