పే స్లిప్పు లేని ఇంటికి అప్పు పుట్టేదెలా?

బుక్కపట్నం చుట్టుపక్కల నెల మొదటి తారీఖున ఖాతాలో జీతం పడే కుటుంబాలు తక్కువ. ధర్మవరంలో పట్టుచీర నేసేవారికి, హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే రైతుకు, కొత్తచెరువులో టైర్ల కొట్టు నడిపేవారికి, పుట్టపర్తి భక్తుల్ని కారులో తిప్పే డ్రైవరుకు రాబడి ఉంది. దానికి తారీఖు లేదు, చీటీ లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక పే స్లిప్పు ఉన్న యువకులు ఈ ప్రాంతంలోనూ కనిపిస్తున్నారు. ఫ్యాక్టరీలో చేరిన తమ్ముడికి సులువుగా దొరికే ఇంటి రుణం, అతనికన్నా ఎక్కువ సంపాదించే అన్నకు హోటలు నడుపుతున్నందుకే దొరక్కపోవడం ఇక్కడ ఎవరికీ వింతగా అనిపించదు.

అనిపించాలి. సొంత పని చేసుకునేవారికి గృహరుణం ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పదు, ఏ రిజర్వు బ్యాంకు నిబంధనా చెప్పదు. పైగా హిందూపురం, ధర్మవరం లాంటి 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో 35 లక్షల దాకా ఇచ్చే ఇంటి రుణాలు, ఇల్లు ఖరీదు 44 లక్షలు దాటకపోతే, 2025 ఏప్రిల్ 1 నుంచి ప్రాధాన్య రంగం లెక్కలోకి వస్తున్నాయి. ప్రాధాన్య రంగంలో ఇంత శాతం అప్పులివ్వాలని బ్యాంకులకు లక్ష్యం ఉంటుంది. కాబట్టి చిన్న ఊరి చిన్న ఇంటి రుణం బ్యాంకుకూ కావలసిందే.

చిక్కంతా కాగితం మీద ఉంది. సొంత వ్యాపారం ఉన్నవారిని బ్యాంకులు మామూలుగా రెండు మూడేళ్ల ఆదాయపన్ను రిటర్నులు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఖాతా లావాదేవీలు, వ్యాపారం ఉన్నట్టు ఏదో ఒక ఆధారం అడుగుతాయి. రిటర్నులో చూపిన నికర ఆదాయంలో సుమారు సగం దాకా నెల కంతులకు పోవచ్చని లెక్క వేసి, దాన్నిబట్టి అప్పు ఎంతివ్వాలో తేలుస్తాయి. పన్ను పడుతుందన్న భయంతో ఏళ్ల తరబడి ఆదాయం తక్కువ చూపించినవారికి దెబ్బ తగిలేది ఇక్కడే.

ఒక కిరాణా కొట్టు సంగతి చూద్దాం. ఏడాదికి 40 లక్షల అమ్మకం, అంతా యూపీఐలోనో బ్యాంకులోనో వస్తోందని అనుకుందాం. 2 కోట్ల లోపు వ్యాపారం చేసే చిన్నవారు పద్దు పుస్తకాలు, ఆడిట్ లేకుండా అమ్మకాల్లో ఒక శాతాన్ని లాభంగా చూపి రిటర్ను వేయొచ్చు. 1961 ఆదాయపన్ను చట్టంలో ఇది 44ఏడీ సెక్షన్. 2025 కొత్త చట్టంలోనూ ఈ సదుపాయం ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలకు 6 శాతం, నగదు అమ్మకాలకు 8 శాతం కనీసం చూపాలి. చాలామంది ఆ కనీసాన్నే గరిష్ఠంగా పట్టుకుంటారు. 40 లక్షల మీద 6 శాతమంటే 2 లక్షల 40 వేలు, అంటే నెలకు 20 వేలు. అందులో సగం కంతుకు పోతుందంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 11 లక్షల 50 వేల అప్పు పుడుతుంది. అదే కొట్టుకు నిజంగా 6 లక్షలు మిగులుతుంటే, ఆ 6 లక్షలే చూపితే, అంతే వడ్డీకి 28 లక్షలు దాటుతుంది.

మరి పన్ను? 2025–26 ఆదాయం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయమున్న వ్యక్తికి, రాయితీ పోను, కట్టాల్సిన పన్ను సున్నా. 2 లక్షల 40 వేలు చూపినా సున్నాయే, 6 లక్షలు చూపినా సున్నాయే. నిజం రాస్తే పోయేదేమీ లేదు, రాయకపోతే పోయేది ఇల్లు. ఈ లెక్క ఊళ్లో ప్రతి కొట్టువాడికీ తెలియాలి. చట్టం కోరేదీ అదే: కనీస శాతం కంటే ఎక్కువ సంపాదించినవారు ఎక్కువే చూపాలి.

ఇందులో దొంగదారి కూడా ఒకటి తిరుగుతోంది. మూడేళ్ల రిటర్నులు ఒకేసారి వేసి, లేని ఆదాయం రాసి, రుణం ఇప్పిస్తామనే దళారులున్నారు. బ్యాంకు రిటర్నును ఖాతా లావాదేవీలతో పోల్చి చూస్తుంది. తేడా కనబడితే దరఖాస్తు పోవడం ఒక్కటే కాదు, తప్పుడు పత్రాలకు సంతకం పెట్టింది దరఖాస్తుదారే కాబట్టి భారతీయ న్యాయ సంహితలో మోసం కింద 318, ఫోర్జరీ కింద 336 సెక్షన్లు మెడకు చుట్టుకుంటాయి. దళారి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

మగ్గం కథ ఇంకాస్త కష్టం. భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరం చీర వెనక కూలికి నేసే కుటుంబాలు ఎన్నో. పట్టు, జరీ షావుకారువి, చీరకింతని కూలి చేతికి నగదుగా వస్తుంది, మధ్యలో తీసుకున్న అడ్వాన్సు అందులో కోత పడుతుంది. వీరు చేయగలిగిన మొదటి పని, కూలిని ఖాతాలో వేయమని అడగడం. ఏడాది పాటు అలా పడితే అదే సాక్ష్యం. జీఎస్టీ అక్కర్లేని చిన్న పనివారికోసం 2023లో మొదలైన ఉద్యమ్ అసిస్ట్ ద్వారా వచ్చే సర్టిఫికెట్‌కు పైసా ఖర్చు లేదు. భార్యాభర్తలిద్దరూ నేస్తున్నప్పుడు, ఇద్దరి రాబడినీ కలిపి ఉమ్మడిగా దరఖాస్తు చేయొచ్చు. ఆమె పేరు ఇంటి పత్రంలోనూ ఉండాలి, కంతు బాధ్యతలో మాత్రమే కాదు.

రిటర్నులు అసలే లేనివారికి కొన్ని గృహరుణ సంస్థలు కొట్టుకు వచ్చి, సరుకు చూసి, ఆదాయం అంచనా కట్టి అప్పిస్తాయి. తప్పేమీ లేదు, కానీ వడ్డీ ఎక్కువ. 20 లక్షలకు 20 ఏళ్లకు ఎనిమిదిన్నర శాతమైతే కంతు 17,356 రూపాయలు, 12 శాతమైతే సుమారు 22 వేలు. మొత్తం గడువులో తేడా 11 లక్షల పైచిలుకు. రెండేళ్లు ఆగి రిటర్నులు సరిచేసుకుని బ్యాంకుకు వెళ్లడం చాలామందికి లాభం.

బ్యాంకు కాదంటే? కౌంటర్ దగ్గర నోటిమాటగా ‘మీకు రాదు’ అంటే ఊరుకోనక్కర్లేదు. దరఖాస్తు అందినట్టు రసీదు ఇవ్వాలి. తిరస్కరిస్తే ప్రధాన కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. మొదట చిన్న రుణాలకే ఉన్న ఈ నియమాన్ని రిజర్వు బ్యాంకు 2007 మార్చిలో అన్ని రకాల రుణాలకూ వర్తింపజేసింది. ఈ కారణం కాగితం మీద ఉంటేనే తర్వాతి అడుగు తెలుస్తుంది. ఆదాయం చాలదన్నారా, స్థలం పత్రాల్లో లోపమా, సిబిల్ స్కోరా?

సిబిల్ అయితే, ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుంచీ ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా తీసుకోవచ్చు. తప్పు ఉంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. మొదటిసారి అప్పు అడుగుతున్నవారి దరఖాస్తును పాత రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చరాదని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. అయితే అప్పు ఇవ్వాలా వద్దా అన్న వ్యాపార నిర్ణయంలో అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోడు. కారణం చెప్పకపోవడం, రసీదు ఇవ్వకపోవడం, చెప్పని ఛార్జీ వసూలు చేయడం లాంటి సేవాలోపాల మీద ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసి, 30 రోజులు చూసి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు. సమాచారానికి 14448. గృహరుణ సంస్థల మీద ఫిర్యాదులు మాత్రం నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్లాలి.

స్థలం సంగతి. బుక్కపట్నం లాంటి ఊళ్లో ఇంటి స్థలం గ్రామకంఠంలో ఉంటే పట్టా పుస్తకం ఉండదు, బ్యాంకు లాయరు వెనక్కి తిప్పుతాడు. అలాంటి స్థలాలకు హక్కు కార్డులివ్వడానికే 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలైంది. అసైన్డు భూమి అయితే 1977 చట్టం అమ్మకాన్ని అడ్డుకుంటుంది. తర్వాతి సవరణలు కొన్నిటికి దారి ఇచ్చాయి గనుక ఏ ఏడాది ఇచ్చిన పట్టానో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి. నిషేధిత జాబితా అయిన 22ఏలో సర్వే నంబరు ఉందేమో చూడాలి, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయాలి. దస్తావేజులో ధర తక్కువ రాసి మిగతాది చేతికి ఇచ్చే అలవాటు ఇక్కడా గండి కొడుతుంది. 30 లక్షల లోపు రుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చన్నది పైహద్దు. దస్తావేజులో కనిపించని సొమ్ముకు అప్పు రాదు.

పట్టణ ప్రాంతంలో 9 లక్షల లోపు వార్షికాదాయం ఉండి, సొంత పక్కా ఇల్లు లేనివారికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ ఉంది: ఇల్లు 35 లక్షలు, అప్పు 25 లక్షలు మించకపోతే, మొదటి 8 లక్షల మీద 4 శాతం, మొత్తం 1 లక్ష 80 వేల దాకా. ఈ రాయితీ పట్టణ ప్రాంతానికే కాబట్టి, తమ స్థలం పుట్టపర్తి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తుందా అని బుక్కపట్నం వాళ్లు అడిగి తెలుసుకోవాలి.

సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అడిగి తీసుకోవాలి. 2024 అక్టోబరు నుంచి ఇది తప్పనిసరి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు, లీగల్ ఖర్చులు కలిపి అసలు ఏటా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో అడగొచ్చు. అందులో లేని ఛార్జీని స్పష్టమైన సమ్మతి లేకుండా తర్వాత వసూలు చేయకూడదు.

సొంత పనివారి రాబడిలో ఎత్తుపల్లాలుంటాయి. గూళ్ల ధర పడిపోయిన ఏడాది, చీరలు కదలని ఏడాది కంతు తప్పొచ్చు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. 2002 సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఆ నోటీసుకు జవాబు రాస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో తిరిగి చెప్పాలి. మార్డియా కెమికల్స్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా వచ్చిన హక్కిది. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వేలం ప్రకటన వచ్చేదాకా చూద్దామనుకోవడం ప్రమాదం. ఆ ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఇంటిని విడిపించుకునే హక్కు పోతుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో సెలిర్ కేసులో తేల్చింది. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత వకీలును అడగొచ్చు. నంబరు 15100.

పంట బాగా పండిన ఏడాది, పెళ్లిళ్ల సీజన్ కలిసొచ్చిన ఏడాది అసలులో కొంత ముందే కట్టేయడం తెలివైన పని. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి రుణానికి ముందస్తు చెల్లింపు జరిమానా వేయకూడదు. చివరి కంతు కట్టిన 30 రోజుల్లో అసలు పత్రాలన్నీ తిరిగివ్వాలి, రిజిస్ట్రీలో ఉన్న తాకట్టు నమోదును తీసేయించాలి. ఆలస్యం బ్యాంకు వల్లనైతే రోజుకు 5 వేల రూపాయలు ఇవ్వాలన్నది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం. పత్రాలు చేతికొచ్చాక కొత్త ఈసీ తీసి, తాకట్టు నిజంగా తొలగిందో లేదో చూసుకోవాలి.