సత్రపు యజమాని చేతిలో రెండు దీనారాలు
(ఆరోగ్య సేవకుల క్షేమం, వృత్తిలో ఎదుగుదల: ఒక అధ్యయనం)



మంచి సమరీయుని కథ మనందరికీ తెలిసినదే. లూకా సువార్త పదవ అధ్యాయంలోని ఈ కథను విన్నప్పుడల్లా, గాయపడినవాణ్ణి అటుంచితే, మన చూపు ముగ్గురి మీదే నిలుస్తుంది. చూసీ చూడనట్టు పోయిన యాజకుడు, అతని వెనుకే పోయిన లేవీయుడు, ఆగి గాయాలు కట్టిన సమరీయుడు. నాలుగో మనిషిని మనం పట్టించుకోము. అతడు సత్రపు యజమాని. సమరీయుడు మర్నాడు తన దారిన వెళ్లిపోయాడు. ఆ తరువాత కట్లు మార్చిందీ, గంజి కాచి పోసిందీ, రాత్రి లేచి చూసిందీ ఈ యజమానే అయి ఉండాలి. సమరీయుడు ఆ పనిని అతనికి వట్టి చేతులతో అప్పగించలేదు. రెండు దీనారాలు ఇచ్చాడు. అంతకు మించి ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు చెల్లిస్తానని మాట కూడా ఇచ్చాడు.

మన ఊళ్లలో జబ్బుపడినవారిని చూసే నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశ కార్యకర్తలు, ల్యాబు సిబ్బంది, ఆయాలు, వైద్యులు అందరూ ఈ సత్రపు యజమాని వరుసలోని వారే. మనం రోగిని వారికి అప్పగించి వచ్చేస్తాం. వారి చేతిలో ఏమి పెట్టి వస్తున్నాం? వారి ఒంటి ఆరోగ్యం, మనశ్శాంతి, చదువు, భద్రత ఎవరి బాధ్యత? ఈ వారం మన పాఠం ఇదే.

న్యాల్‌కల్ నుంచి చూస్తే

న్యాల్‌కల్ మండలం సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ ప్రాంతంలో, కర్ణాటక సరిహద్దున ఉంది. 2016 అక్టోబరు దాకా ఇది మెదక్ జిల్లాలోది. హద్నూర్, మల్గి, వడ్డి వంటి ఊళ్లున్న ఈ సరిహద్దు సీమలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ, మరాఠీ కూడా వినిపిస్తాయి. జబ్బు ముదిరితే కొందరు జహీరాబాద్ ఆసుపత్రికి పోతారు. కొందరు సరిహద్దు దాటి బీదర్ చేరతారు. ఇంకా కష్టమైతే సంగారెడ్డికో హైదరాబాదుకో బయలుదేరతారు. చివరికి ఎక్కడ చేరినా, మొదట తట్టే తలుపు ఊళ్లోని ఆశ కార్యకర్తది, లేదా ఉపకేంద్రంలోని ఏఎన్‌ఎంది. ఆ తలుపు వెనుక ఉన్న మనిషి అలసి కుప్పకూలితే, లేక విసిగి ఉద్యోగం మానేస్తే, నష్టపోయేది ముందుగా పేద ఇంటి గర్భిణి. ఆమెకు కారు లేదు. పట్నంలో తెలిసిన డాక్టరూ లేడు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం పల్లెల్లో వెయ్యి మంది జనానికి ఒక ఆశ కార్యకర్త, మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. తెలంగాణలో 2020 నాటి జననాల రేటు వెయ్యికి సుమారు 16. అంటే ఒక ఆశ కార్యకర్త చేతి కింద ఏడాదికి దాదాపు పదహారు కాన్పులు. ఆసుపత్రిలో కాన్పు అయి ఇంటికి వచ్చిన బాలింతను ఆమె ఆరుసార్లు చూడాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. పదహారు ఆర్లు తొంభై ఆరు. ఆ పైన, కేంద్రం 2018లో తెచ్చిన కార్యక్రమం ప్రకారం బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు ఇంకో ఐదుసార్లు వెళ్లాలి. అవి ఎనభై. పసిబిడ్డల కోసమే ఏడాదికి 176 సార్లు గడప తొక్కాలన్నమాట. గర్భిణుల నమోదు, టీకాల రోజు, క్షయ రోగులకు మందులు, బీపీ, షుగరు సర్వేలు, రిజిస్టర్లు, సమావేశాలు ఈ లెక్కలో చేరలేదు. ఇంటి వంట, పొలం పని, సొంత బిడ్డలు అసలే చేరలేదు.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఆశ కార్యకర్తను స్వచ్ఛంద సేవికగా లెక్కగట్టారు. జీతం కాదు, చేసిన పనికి ప్రోత్సాహకం అన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2022 జనవరిలో ఈ మొత్తాన్ని నెలకు 7,500 నుంచి 9,750 రూపాయలకు పెంచింది. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశ కార్యకర్తలందరినీ ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారంతో గౌరవించింది. ఆ గౌరవం తగినదే. కాని శాలువాతో కిరాణా కొట్టు బాకీ తీరదు. 2023లో ఆశ కార్యకర్తలు స్థిర వేతనం కోరుతూ రోడ్డెక్కడానికి కారణం ఇదే.

అలసట వేరు, అడుగంటిపోవడం వేరు

ఒక రోజు ఎక్కువ పనిచేస్తే అలసట. రాత్రి నిద్రపోతే తీరుతుంది. నెలల తరబడి తీరని ఒత్తిడి వల్ల వచ్చేది వేరొకటి. దీన్ని న్యూయార్క్‌లో పనిచేసిన మానసిక శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో బర్నౌట్ అనే పేరుతో వివరించాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, శక్తి అంతా తోడేసినట్టుండటం. రెండు, చేసే పని మీద విముఖత, మనుషుల మీద విసుగు. మూడు, తాను చేసేది ఎందుకూ పనికిరావడం లేదన్న భావం. ఇది రోగం కాదు, పనిచేసే చోటుకు సంబంధించిన సమస్య అని కూడా ఆ సంస్థ స్పష్టం చేసింది. ఈ మాట ముఖ్యమైనది. సమస్య పనిచేసే చోట ఉన్నప్పుడు, "నువ్వు ఓపిక పట్టు, ప్రార్థన చేసుకో" అని మనిషికి మాత్రమే చెబితే చాలదు. పనిచేసే చోటును కూడా సరిచేయాలి.

నర్సమ్మ కసురుకుందని మనం తప్పుపడతాం. వరుసగా రెండు డ్యూటీలు చేసి, తిండి తినే వేళ లేక, నలభై మంది రోగులను ఒక్కతే చూసిన మనిషి కసురుకుంటే అది ఆమె స్వభావమా, మనం ఆమెను పెట్టిన స్థితా? రోగికి మర్యాద తప్పక దక్కాలి. అది దక్కాలంటే మర్యాద చూపే శక్తి ఆ మనిషిలో మిగిలి ఉండాలి.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఎడారిలో చెట్టు కింద కూలబడి, ఇక చాలు, చావు రానిమ్మని అడుగుతాడు. దేవదూత అతనికి మొదట ఉపదేశం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టాడు. కొత్త పని అప్పగించింది ఆ తరువాతే. సిబ్బందిని నడిపించే ప్రతి అధికారికీ ఇది మంచి పాఠం.

ఒంటికి, మనసుకు, ప్రాణానికి రక్షణ

ఆరోగ్య సేవకులు, వారి పైవారు తప్పక తెలుసుకోవలసినవి కొన్ని ఇక్కడ చెబుతాము.

హెపటైటిస్-బి టీకా: రక్తం ముట్టే ప్రతివారూ మూడు మోతాదులు వేయించుకోవాలి. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. నర్సు, ల్యాబు మనిషి మాత్రమే కాదు, చెత్త ఎత్తే ఆయా కూడా.

సూది గుచ్చుకుంటే: ఆ చోటును సబ్బు, నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట పెట్టుకోకూడదు. వెంటనే వైద్యాధికారికి చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందును వీలైతే రెండు గంటల లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తిడతారన్న భయంతో చాలామంది దాచుకుంటారు. దాచుకునే పరిస్థితి రాకుండా చూడటం పైవారి ధర్మం.

మనసు కుంగితే: 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. రోగులకు ఈ నంబరు చెప్పే ఆరోగ్య కార్యకర్త తానూ వాడుకోవచ్చునని మరచిపోకూడదు.

దాడి జరిగితే: ఆసుపత్రులపై, సిబ్బందిపై దాడులను శిక్షించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చింది. కరోనా కాలంలో, 2020లో, కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, అంటువ్యాధి సమయంలో సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని నిర్ణయించింది. అయినా 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో, రాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలు దారుణంగా హతమైంది. సుప్రీంకోర్టు ఆరోగ్య సిబ్బంది భద్రతపై జాతీయ కార్యదళాన్ని నియమించవలసి వచ్చింది. తాళం పడే విశ్రాంతి గది, వెలుగున్న వరండా, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి తోడు: ఇవి భోగాలు కావు.

గుంటూరు నేర్పిన పాఠం

ఇక వృత్తిలో ఎదుగుదల సంగతి. దీనికి మన తెలుగునేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియాలో 1887లో పుట్టిన మేరీ గ్లౌరీ మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి, 1919లో ప్రసూతి, స్త్రీల వ్యాధులు, నేత్ర వైద్యంలో ఉన్నత పట్టం పొందింది. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి జె.ఎం.జె. సభలో మఠకన్య అయింది. ఆ రోజుల్లో మఠకన్య వైద్యం చేయాలంటే రోము నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు ఆ అనుమతి ఇచ్చారు. మఠకన్యలు ప్రసూతి వైద్యంలో పూర్తి శిక్షణ పొందడానికి తిరుసభ 1936లో గాని తలుపులు తెరవలేదు.

ఆమె ఒంటరిగా ఎంతమందిని చూసినా రోగుల వరుస తరగదని గ్రహించింది. అందుకే స్థానిక యువతులను మందులు కలిపేవారిగా, మంత్రసానులుగా, నర్సులుగా తయారుచేసింది. చిన్న దవాఖానా సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. 1943 జులైలో, దేశంలోని కతోలిక ఆసుపత్రులు ఒకదానికొకటి తోడుగా ఉండాలని, కొద్దిమంది మఠకన్యలతో ఒక సంఘం ఏర్పాటుచేసింది. నేడు కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే పేరుతో, సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తున్నది అదే. కతోలిక వైద్య కళాశాల ఉండాలన్నది ఆమె కల. 1957లో ఆమె కన్నుమూసింది. 1963లో బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వెలిసింది. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

సేవ చేసేవారిని చదివించడం కూడా సేవే అన్నది ఆమె జీవితం చెప్పే పాఠం.

ఎదుగుదలకు మెట్లు

తెలంగాణలో ఇటీవలి ఉదాహరణ కూడా ఒకటుంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌ల సాయంతో కరీంనగర్‌లో స్టాఫు నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అవసరం లేని కోత కాన్పులను తగ్గించి, సహజ కాన్పుకు తల్లికి తోడుండే నైపుణ్యం ఇవ్వడం దాని ఉద్దేశం. అదే నర్సు, అదే వార్డు. చదువు తోడయ్యేసరికి ఆమె మాటకు విలువ వచ్చింది, చేతికి ధైర్యం వచ్చింది.

మూడేళ్ల జీఎన్‌ఎం చదివిన నర్సు ఉద్యోగానుభవంతో రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. ఆపైన ఎమ్మెస్సీ కూడా ఉంది. రిజిస్ట్రేషను నిలుపుకోవడానికి అయిదేళ్లలో 150 గంటల నిరంతర విద్య కావాలని భారత నర్సింగ్ మండలి నియమం. ఈ గంటలకు సెలవు ఇవ్వకుండా, ఖర్చు భరించకుండా, సర్టిఫికెట్ మాత్రం తెమ్మనడం న్యాయం కాదు. ఆశ కార్యకర్తకు మొదటి విడత శిక్షణ ఇస్తారు. అది పునాది మాత్రమే. నెలవారీ సమావేశంలో టార్గెట్లు అడగడానికి గంట పడితే, "ఈ నెల నీకు కష్టమైన కేసు ఏది? దాని నుంచి మనమేం నేర్చుకుందాం?" అని అడగడానికి పావుగంటైనా కేటాయించాలి. ఆ పావుగంట పెద్ద శిక్షణ. సరిహద్దు ఊళ్లలో పనిచేసేవారికి కన్నడంలో, ఉర్దూలో పది పదిహేను అవసరమైన మాటలు నేర్పడం కూడా వృత్తి శిక్షణే.

మనం చేయగలిగినవి

1. ఇంటివారు: డ్యూటీ నుంచి వచ్చిన నర్సు ఇంటి పని అంతా తలకెత్తుకోనక్కరలేదు. భర్త, బిడ్డలు పంచుకోవాలి.

2. ఊరివారు: ఆశ కార్యకర్త రాత్రి గర్భిణి వెంట ఆసుపత్రికి పోతే, తిరిగి ఇల్లు చేరే ఏర్పాటు ఆ ఇంటివారే చూడాలి.

3. విచారణలు: ఫిబ్రవరి 11 ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినాన్ని రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో నెలకొల్పారు. ఆ రోజు రోగుల కోసం ప్రార్థించే మనం, వారిని చూసే సిబ్బందికి కూడా రక్తపోటు, షుగరు పరీక్షలు చేయించవచ్చు. వారిది ఏ మతమైనా సరే.

4. మన ఆసుపత్రుల నిర్వాహకులు: "ఇది సేవ" అనే మాటను తక్కువ జీతానికి సాకుగా వాడరాదు. న్యాయమైన వేతనం దానం కాదని, పనివాని హక్కు అని పదమూడవ లియో పోపుగారు 1891లోనే లోకానికి బోధించారు. వారానికొక సెలవు, రాసి ఉంచిన డ్యూటీ పట్టిక, ఫిర్యాదు వినే కమిటీ ప్రతి ఆసుపత్రిలో ఉండాలి.

5. ఆరోగ్య సేవకులారా, మీరు: సాయం అడగడం చేతకానితనం కాదు. నిద్ర, తిండి, సెలవు మీ రోగులకు మీరిచ్చే మందులో భాగమే.

కూడి చర్చించండి

* మన ఊరి ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త పేర్లు మనలో ఎందరికి తెలుసు?
* వారు మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని అన్నం తింటారు? మరుగుదొడ్డి ఉందా?
* పైచదువు ఆగిపోయిన నర్సు మన విచారణలో ఉన్నదా? ఆమెకు అడ్డుపడింది డబ్బా, సెలవా, ఇంటి బాధ్యతా?
* ఈ నెలలో వారి కోసం మనం చేయదగిన ఒక్క పని ఏది?

సమరీయుడు ఇచ్చిన రెండు దీనారాలు ఆనాటి రెండు రోజుల కూలి. పెద్ద మొత్తమేమీ కాదు. కాని ఆ నాణేలతో పాటు తిరిగి వస్తానన్న మాట ఉంది. మన సత్రపు యజమానులు ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. ఈ ఆదివారం పూజ ముగిశాక మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్లండి. "అమ్మా, మా ఆరోగ్యం సరే, మీ ఆరోగ్యం ఎట్లా ఉంది?" అని అడగండి. ఆమె చెప్పేది కూర్చుని వినండి.