వాతాయనం – వాయుస్రావం: కారు తలుపుల అద్దాల చుట్టూ గాలి చొరబాటు, దాని నివారణ

సంస్కృతంలో కిటికీకి ‘వాతాయనం’ అని ఒక పేరు కలదు. వాతమనగా గాలి, అయనమనగా మార్గం. ఇంగ్లీషువారి ‘విండో’ కూడా ప్రాచీన నార్స్ భాషలో ‘గాలి కన్ను’ అనే అర్థం గల సమాసం నుండి పుట్టినదే. ఎక్కడెక్కడి భాషలో ఉభయమూ కిటికీని గాలితోనే గుర్తించాయి. ఫారసీ నుండి ఉర్దూకు వచ్చిన ‘రోషన్‌దాన్’ మాత్రం వెలుతురును చూచింది. గాలి వచ్చేందుకే ఏర్పడిన మార్గాన్ని, మూసినప్పుడు గాలి చొరకుండా మూయడం ఎంత కష్టమో మోటారు కార్లు వచ్చిన తరువాత గాని మానవునికి పూర్తిగా తెలిసిరాలేదు. ఇంటి కిటికీ ఒకచోట నిలిచి ఉంటుంది. కారు కిటికీ గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో తానే పోయి గాలిని ఢీకొంటుంది.

తెలుగు బోధించే మేము తలుపు రబ్బరును గూర్చి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని మన విద్యార్థుల ఇండ్లలో టాక్సీలు నడిపి బ్రతికే తండ్రులు, అన్నలు ఉన్నారు. గోదావరిఖని నుండి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదు ఆసుపత్రులకు రోగులను తీసుకొని పోయే బండ్లు అవి. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ముందు బొగ్గు లారీ, ప్రక్కన ఓపెన్ కాస్టు గనుల దుమ్ము, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ. ఇతర పట్టణాలలో కారు అద్దం వద్ద ఈల వేసినట్లు శబ్దం వస్తే అది చెవికి మాత్రమే చికాకు. ఇక్కడ ఆ సందు ద్వారా ఊపిరితిత్తులకు కూడా దారి ఏర్పడుతున్నది. పైగా ‘మరమ్మతు’ అనే మాటయే అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగుకు వచ్చి, ఇది పరభాషా పదమని ఎవరికీ తోచనంతగా కలిసిపోయినది. మన కళాశాల పత్రికకు ఇంతకంటె తగిన విషయం ఏముంటుంది?

ముందుగా గాలి నడకను తెలుసుకొందాము. కారు పోతున్నప్పుడు ఎదురుగాలి ముందు అద్దానికి తాకి ఇరువైపులకు చీలుతుంది. ముందు అద్దానికి, తలుపు అద్దానికి నడుమనున్న స్తంభాన్ని చుట్టివచ్చేటప్పుడు దాని వేగం పెరుగుతుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గునని డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన సిద్ధాంతాన్ని విద్యార్థులు భౌతికశాస్త్రంలో చదివియే ఉందురు. అందువలన తలుపు అద్దం వెలుపల పీడనం తక్కువ, లోపల ఎక్కువ. అక్కడ సందు ఉంటే గాలి లోపలికి రాదు; లోపలి గాలి బయటికి లాగబడుతుంది. ఆ సన్నని సందు అంచును రాచుకొని పోయే గాలియే మన చెవికి ‘సుయ్’మనే శబ్దంగా వినిపిస్తుంది.

ఇక్కడనే ఒక చిక్కు ఉన్నది. బయటికి పోయిన గాలికి బదులు గాలి మరొకచోట నుండి లోపలికి రావలసినదే. అది తరచుగా తలుపుల అడుగు నుండి, వెనుక తలుపు నుండి, డికీ రబ్బరు నుండి వస్తుంది. అనగా శబ్దం వచ్చేచోటు ఒకటి, దుమ్ము వచ్చేచోటు మరొకటి. శబ్దం వినబడినచోట మాత్రమే రబ్బరు మార్చి, దుమ్ము తగ్గలేదని మెకానిక్కును నిందించేవారు, నిందించకుండా మరల డబ్బు పోసేవారు మనలో ఎందరో ఉన్నారు. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది ఈ భేదాన్నే.

గనిలో పనిచేసేవారికి ఇది క్రొత్త విషయం కాదు. భూగర్భ గనిలో మంచిగాలి పోయే దారికి, చెడుగాలి తిరిగివచ్చే దారికి మధ్య తలుపులు పెడతారు. ఒకటి తెరచినప్పుడు రెండవది మూసి ఉండేటట్లు జంటగా పెట్టడం ఆచారం. ఫ్యాను కలిగించే పీడన భేదం వలన ఆ తలుపు సందులలో గాలి ఈలవేయడం కార్మికులు ఎరిగినదే. ఆ భేదాన్ని వారు మిల్లీమీటర్ల నీటిమట్టంలో కొలుస్తారు. ఈ కొలతకు ఒక సౌలభ్యం కలదు: ఒక మిల్లీమీటరు నీటిమట్టమంటే చదరపు మీటరుకు ఒక కిలో బరువు. ఈ కొలతనే కారుకు అన్వయించి చూడండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి పీడనం సుమారు 4 మిల్లీమీటర్లు, 60లో సుమారు 17, 90లో సుమారు 38. వేగం మూడు రెట్లయితే పీడనం తొమ్మిది రెట్లు. తలుపు అద్దం చదరపు మీటరులో మూడవ వంతుకు కొంచెం తక్కువ ఉంటుందనుకొంటే, 90 కిలోమీటర్ల వేగంలో దానిని వెలుపలికి లాగే బలం పది, పదకొండు కిలోల వరకు ఉండవచ్చును. పలుచని రేకుతో చేసిన తలుపు పైచట్రం ఆ లాగుడుకు కొద్దిగా వెలుపలికి వంగుతుంది. నిలిచి ఉన్నప్పుడు సందు కనబడని తలుపు రహదారిపై ఈలవేయడానికి కారణమిదే.

శబ్దం సంగతి ఇంకా తీవ్రం. గాలి రాపిడి వలన పుట్టే శబ్దశక్తి దాదాపుగా వేగం యొక్క ఆరవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి 64 రెట్లు. చెవికి అంతగా తోచదు గాని, మూడు రెట్లకు మించియే తోస్తుంది.

ఇక పరీక్ష. రబ్బరు కొనక ముందే సందు ఎక్కడ ఉన్నదో కనుగొనవలెను. బొగ్గు దేశంలో నివసించేవారికి ప్రకృతి ఇచ్చిన సాధనం ఒకటి ఉన్నది, అది బొగ్గు దుమ్మే. కారును వారం రోజులు కడుగకుండా నడిపి, తలుపులు తెరచి, రబ్బరు వెంట, చట్రం వెంట నిదానంగా చూడండి. రబ్బరు చక్కగా అదిమిపట్టినచోట రేకు శుభ్రంగా ఉంటుంది. గాలి దూరినచోట నల్లని చార విసనకర్ర ఆకారంలో లోపలికి పరచుకొని కనబడుతుంది. దాని మొన ఎక్కడ ఉంటే సందు అక్కడ. సముద్రతీర పట్టణాల మెకానిక్కులకు ఈ సదుపాయం లేదు.

దుమ్ము చెప్పని సంగతిని కాగితం చెబుతుంది. ఒక కాగితపు ముక్కను రబ్బరుకు, చట్రానికి మధ్య ఉంచి తలుపు మూసి లాగవలెను. కొంచెం బిగువుగా రావలెను. జారుడుగా వస్తే అక్కడ పట్టు లేదు. ఇట్లు తలుపు చుట్టూ జానెడు జానెడు దూరంలో చేయవలెను. మరియొక పద్ధతి: రబ్బరుపై దర్జీ సుద్దను రుద్ది తలుపు మూసి తెరిస్తే చట్రం మీద దాని అచ్చు పడుతుంది, అచ్చు తెగినచోట లోపమున్నది. రాత్రివేళ ఒకరు లోపల కూర్చుండగా మరొకరు బయటినుండి టార్చిలైటు త్రిప్పడం కూడా మంచి పరీక్షయే. బ్లోయరును పూర్తి వేగంలో పెట్టి, అద్దాలన్నీ మూసి, వెలుపల అగరువత్తి పట్టుకొని తలుపు చుట్టూ త్రిప్పితే, పొగ చెదిరిన చోట గాలి బయటికి వస్తున్నదని అర్థం. గనులలో కూడా స్వల్పమైన గాలి కదలికను పొగ గొట్టంతో ఇట్లే కనిపెడతారు.

శబ్దానికి వేరే పరీక్ష కలదు. మొదట పైకప్పు మీది క్యారియరును, అద్దాలపైన అంటించిన ప్లాస్టిక్కు వాన పట్టీలను తీసివేసి ఒకసారి నడిపి చూడవలెను. సగం సందర్భాలలో శబ్దం వీటిదే; తలుపుది కాదు. అప్పటికీ తగ్గకపోతే, తలుపు సందులన్నింటిపై కాగితపు అంటుపట్టీ వేసి, అదే రోడ్డుపై అదే వేగంలో నడపండి. శబ్దం ఆగిపోతే సందు నిజమే. తరువాత ఒక్కొక్క పట్టీనే తీసుకొంటూ పోతే ఏ పట్టీ తీసినప్పుడు శబ్దం తిరిగివచ్చినదో అక్కడ దొరుకుతుంది. తలుపులు అంటించి ఉన్నప్పుడు కారులోని వారందరూ దిగగలిగేటట్లు కనీసం ఒక తలుపును విడిచిపెట్టవలెనని చెప్పనవసరం లేదు గదా. అంటుపట్టీ ఖరీదు స్వల్పం. నాలుగు తలుపుల బీడింగు ఖరీదు స్వల్పం కాదు.

లోపం తెలిసిన తరువాత మరమ్మతు క్రమంలో రబ్బరు మార్చడం చివరిది. మొదటిది తలుపు కుదురు. పిడి పట్టుకొని తలుపును పైకి ఎత్తి చూడండి. కదిలితే కీలు మేకు అరిగినది. ఎంత మంచి రబ్బరు వేసినా వ్యర్థం. కీళ్ళు బాగున్నచో, తలుపు తాళం వచ్చి పట్టుకొనే ఇనుప కొక్కాన్ని చూడవలెను. దీనిని మెకానిక్కులు ‘స్ట్రైకర్’ అంటారు. దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసికొని, మరలు వదులుచేసి, ఒక్క మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించి, మరల కాగితం పరీక్ష చేయవలెను. ఒకేసారి ఎక్కువ జరిపితే తలుపు కష్టంగా పడుతుంది, మనుష్యులు దబదబ కొడతారు, కీళ్ళు మరింత చెడుతాయి. పైచట్రమే వెలుపలికి వంగినచో, అద్దం పూర్తిగా దించి, తలుపు నడుముకు మోకాలు ఆనించి చట్రాన్ని కొద్దికొద్దిగా లోపలికి వంచడం టింకరింగు పనివారికి తెలిసిన విద్య. అద్దం ఎత్తి ఉంచి ఈ పని చేయరాదు.

అద్దం పైకి క్రిందికి జారే గాడిలోని రబ్బరు మరొకటి. దానిలో నూగువంటి పొర ఉంటుంది. బొగ్గుపొడి, ఇసుక అందులో చేరి అద్దాన్ని గీస్తాయి, పొరను అరగదీస్తాయి. పలుచని బద్దకు గుడ్డ చుట్టి గాడిని తుడిచి, సిలికాన్ స్ప్రే గాని ముఖానికి రాసే పౌడరు వంటి సన్నని పొడి గాని వేయవలెను. ఇంజను ఆయిలు, గ్రీజు, కిరోసిను తగవు. పెట్రోలియం నూనెలు ఈ రబ్బరును ఉబ్బించి మెత్తబరచి చెడగొట్టును. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరు కారు ముందు తలుపున త్రికోణపు చిన్న అద్దం ఒకటి ఉండేది. ఆ అద్దం ఎంత సుఖమో దాని నిలువు రబ్బరు అంత తంటా. నేటి కార్లలో అది లేకపోవడం ఈ విషయంలో మేలే.

చాలామందికి తట్టని స్థానం ఇంకొకటి కలదు. తలుపు లోపలి అట్టను విప్పితే వెనుక పలుచని ప్లాస్టిక్కు కాగితం అంటించి ఉంటుంది. గాలిని, తేమను ఆపేది అదే. స్పీకరు బిగించేటప్పుడో, అద్దం మోటారు మార్చేటప్పుడో ఎవరో దానిని చింపి, తిరిగి అంటించకుండా అట్ట మూసివేస్తారు. మా సహోద్యోగి ఒకరు నాలుగు తలుపులకు క్రొత్త బీడింగు వేయించినా దుమ్ము తగ్గలేదు. చివరకు అట్ట విప్పితే ఆ కాగితం సగం లేదు. మందమైన పాలిథీను షీటు, మెత్తని బ్యూటిల్ పట్టీ తెచ్చి అంటిస్తే ఒక పూటలో తీరింది. సందులన్నింటిలో సిలికాన్ గమ్ము క్రుమ్మరించడం, స్పాంజి పట్టీలు రెండు వరుసలు అంటించడం మాకు సమ్మతం కావు. అవి లోపాన్ని దాచును, తలుపును చెడగొట్టును.

రబ్బరు నిజంగా గట్టిపడి, పగిలి, వ్రేలితో నొక్కితే తిరిగి లేవనిదైతే మార్చవలసినదే. పాతకాలపు సహజ రబ్బరును ఎండ, గాలిలోని ఓజోను పగులగొట్టేవి. నేడు తలుపులకు వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వాటికి చాలావరకు తట్టుకొంటుంది. కావున కొనేటప్పుడు చౌక రబ్బరా, ఈపీడీఎం రబ్బరా అని అడుగవలెను. రెండు కొనలు కలిసే అతుకు తలుపు అడుగున రావలెను గాని ముందు పైమూలన రారాదు.

డికీ లేక వెనుక తలుపు రబ్బరును గూర్చి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. కారు వెనుక గాలి సుడి తిరుగుతూ ఉంటుంది, పొగ గొట్టం అక్కడే ఉంటుంది. వెనుక సందు నుండి బొగ్గు దుమ్ము వస్తున్నదంటే పొగ కూడా వస్తున్నదనుకోవలెను. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ఈ వాయువు పేరు గని కుటుంబాలకు చెప్పనక్కరలేదు. బొగ్గు తనంతట తాను వేడెక్కినప్పుడు వెలువడేది ఇదే; బ్రిటిషు గనులలో 1986 వరకు కానరీ పక్షులను ఉంచినది దీనిని పసిగట్టడానికే. వెనుక సీటులోని పిల్లలకు తలనొప్పి, వికారం, మగత కలిగితే ఘాటురోడ్డు ప్రయాణపు వికారమని నిమ్మకాయ ఇచ్చి ఊరకుండరాదు. మన దారిలో ఘాటు లేదు. బండి ఆపి, అందరినీ దింపి, గాలి ఆడనిచ్చి, ఆ తరువాత పొగగొట్టాన్ని, వెనుక రబ్బరును చూపించుకొనవలెను. తలుపు శబ్దాన్ని నెల రోజులు ఓర్చుకొనవచ్చును. దీనిని ఒక్కరోజు కూడ ఓర్చుకొనరాదు.

లారీ వెనుక పోతున్నప్పుడు బ్లోయరును లోపలి గాలికి మార్చుకోవడం సరియే. కాని లారీని దాటిన తరువాత బయటిగాలికి మార్చవలెను. బయటిగాలి ఫిల్టరు గుండా వచ్చి లోపలి పీడనాన్ని కొద్దిగా పెంచుతుంది, అప్పుడు సందుల నుండి దుమ్ము చొరడం తగ్గుతుంది. ఫిల్టరును మన ప్రాంతంలో కంపెనీ పుస్తకం చెప్పినదానికంటె ముందుగానే తీసి దులుపవలెను.

చివరగా, తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాలను చూచి, గాలి ఇక్కడినుండియే వస్తున్నదని వాటిని మూసివేసేవారున్నారు. అవి వాన నీరు పోవడానికి పెట్టినవి. అద్దం వెంట కొంత నీరు తలుపులోనికి దిగడం సహజం. బొగ్గు బురదతో అవి తమంతట తామే మూసుకొనిపోతాయి కూడా. మృగశిర కార్తె రాకముందే సన్నని పుల్లతో వాటిని ఒకసారి పొడిచి శుభ్రపరచుకొనవలెను.