విమాన మెంత యెత్తున నున్నది?

విమానములోని యెత్తుకొలత పరికరము మన ప్రయోగశాలయందలి భారమితి వంటిదే. పైకి పోయినకొలది వాయుభారము తగ్గును. భూమికి సమీపమున సుమారు 28 అడుగులకొక మిల్లీబారు. ఆ తగ్గుదలనే యది అడుగులుగ జూపును. తుపానునాడు మన గోదావరీ ప్రాంతమున వాయుభారము 20 మిల్లీబారులు తగ్గెననుకొందము. పరికరమును సవరింపక మధురపూడికి దిగవచ్చు చోదకునకు తానున్న యెత్తుకంటె 560 అడుగులు హెచ్చుగ గనబడును. విద్యార్థులు లెక్కించి చూతురుగాక.

అయితే పరికరమొక్కటియే చాలదు. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను పాడుచేసిన యారు దినములకు, 12వ తేదీని, హర్యానాలోని చర్ఖీదాద్రీ మీద రెండు విమానములు ఢీకొని 349 మంది మరణించిరి. సౌదీ విమానమునకు 14,000, కజకస్థాను విమానమునకు 15,000 అడుగులు నిర్ణయింపబడియుండెను. రెండవది యాజ్ఞ లేకయే దిగెనని విచారణలో తేలెను. మాకు మిక్కిలి శోచనీయముగ దోచునదేమన, అందు నేలవారితో మాటలాడు రేడియో ఉద్యోగికి ప్రత్యేకముగ నెత్తుకొలత లేదు. చోదకుల భుజములమీదుగ తొంగిచూడవలసినదే. పిమ్మట, సమీపించు విమానమును పసిగట్టి హెచ్చరించు యంత్రమును మన దేశమున తప్పనిసరి చేసిరి.