కమోడ్ కొనే ముందు గోడ నుంచి టేపు పట్టండి

ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మో, నాన్నో ఉన్నారని కుర్చీలా కూర్చునే కమోడ్ తెచ్చారు. మేస్త్రీ దాన్ని పైపు మీద పెట్టి చూశాడు. నేలలోని పైపు గోడకు మరీ దగ్గరగా ఉంది. పైపు మీదికి సరిగ్గా తేవాలంటే వెనక ట్యాంకుకు గోడ అడ్డం. ముందుకు జరిపితే పైపు అందదు. "నేల పగలగొట్టాల్సిందే" అన్నాడు. ఆగండి, ముందు ఇది చదవండి.

అసలు పైపు అంత దగ్గరికి ఎలా వచ్చింది? పైపు వేసేటప్పటికి అక్కడ ఉన్నది ఒట్టి ఇటుక గోడే. మేస్త్రీ దాని నుంచి 9 అంగుళాలు కొలిచి వేస్తాడు. తర్వాత ప్లాస్టరింగ్, టైలు, టైలు కింద సిమెంటు అన్నీ కలిసి అంగుళం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తినేస్తాయి. కాబట్టి ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంటే ఆ మందం కూడా కలుపుకుని పైపు వేయమని ఇప్పుడే చెప్పండి. ఆ మాట చెప్పడానికి ఖర్చేం లేదు.

కొలత ఇలా తీయాలి. పూర్తయిన గోడ నుంచి, అంటే టైలు మీద నుంచి, పైపు రంధ్రం నడిమధ్య వరకు. అంచు దాకా కొలిస్తే 4 అంగుళాల పైపుకు 2 అంగుళాల తేడా వచ్చేస్తుంది. ఆ అంకె కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. "అన్నీ ఒకటే సైజండీ" అంటే నమ్మొద్దు. నేలలోకి దిగే కమోడ్‌ను ఎస్-ట్రాప్ అంటారు, గోడలోకి వెళ్లేదాన్ని పీ-ట్రాప్ అంటారు. ఎస్-ట్రాప్‌లో గోడకు 4, 9, 12 అంగుళాల దూరానికి సరిపోయే రకాలు దొరుకుతాయి. పెట్టె మీద మిల్లీమీటర్లలో ఉంటుంది: 100, 225, 300 అలా.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కమోడ్ అంకె మీ కొలతకు సమానంగానో, కాస్త తక్కువగానో ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. పైపు 5 అంగుళాల దూరంలో ఉంటే 4 అంగుళాల కమోడ్ తెచ్చుకోండి. వెనక అంగుళం సందు మిగులుతుంది, అంతే. కొన్న సీటు వాడకపోతే మార్చి ఇమ్మని అడగండి. నేల పగలగొట్టడం కంటే అదే చవక.

తేడా ఒక అంగుళమే అయితే ఆఫ్‌సెట్ కనెక్టర్ అనే వంకర ముక్క పనికొస్తుంది. అంతకు మించితే దాంతో సర్దుకోవద్దు. నేల కింద రెండు బెండులు వేసి తిప్పుతామంటే అసలు ఒప్పుకోవద్దు. మలం అక్కడే ఆగి పైపు మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఇక కమోడ్‌ను ముందుకు జరపడమంటారా, నాలుగడుగుల గదిలో 2 అంగుళాలు పోతే పెద్దవాళ్లకు మోకాళ్లు తలుపుకు తగులుతాయి. పక్క గోడకు సీటు మధ్య నుంచి 15 అంగుళాలైనా ఉండాలి, పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా బిగించండి.

మీది రెండు గుంతల మరుగుదొడ్డి అయితే ఇంకో మాట. దాని రూరల్ పాన్ వాలు ఎక్కువ కాబట్టి లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లకే శుభ్రమవుతుంది. కమోడ్‌కు అంతకంటే ఎక్కువ నీళ్లు కావాలి, గుంతలు ఆ నీళ్లన్నీ పీల్చుకోవాలి. ఇంట్లో అందరూ కింద కూర్చోగలిగితే పాన్ మార్చకండి.

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ కింద వచ్చే 12,000 రూపాయలు మరుగుదొడ్డి లేని అర్హత గల కుటుంబం కొత్తగా కట్టుకోవడానికి. ఉన్న సీటు మార్చుకుంటే రావు. కొత్తది కడుతున్నవారు పైపు వేసే రోజే మీ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను పిలిచి కొలత చూపించండి.

సిమెంటు పెట్టే ముందు కమోడ్‌ను ఊరికే పైపు మీద నిలబెట్టి, తలుపు మూసి, ఎవరి కోసం తెచ్చారో వాళ్లనే ఒకసారి కూర్చోబెట్టి చూడండి. సిమెంటు పెట్టాక ఒక రోజు ఆగి, బకెట్ నీళ్లు పోసి, అడుగున చెమ్మ కనిపిస్తుందేమో చూశాకే డబ్బులిచ్చి మేస్త్రీని పంపండి.